సాక్సులో ఒకటో నంబరు

ఆసుపత్రి ల్యాబు బయట బెంచీ మీద ఎడమ చంక బిగించుకుని కూర్చుంది, జ్వరం కొలిచే కడ్డీ పెట్టుకున్నదానిలా. చంకలో ఉన్నది మాత్రం బాబు కుడికాలి సాక్సు. నీలం రంగుది, బొటనవేలి దగ్గర కుట్టు వదిలింది, కుట్టాలి కుట్టాలి అనుకుంటూనే రెండు వారాలైంది, ఒక కుట్టు వెయ్యడానికి తీరిక లేదు గానీ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడటానికి ఉంటుంది, సరే, అది తర్వాత. ఆ సాక్సులో చిటికెనవేలంత గొట్టం, గొట్టానికి తెల్ల ప్లాస్టరు ముక్క, ముక్క మీద నర్సు రాసిన ఒకటి అంకె, లోపల బాబు వెన్నులోంచి తీసిన నీళ్ళు పదో పన్నెండో చుక్కలు. రెండో నంబరూ మూడో నంబరూ కిటికీలో ఇచ్చేసింది. ఇవ్వాల్సినవి మూడు. ఇవ్వకూడదని ముందుగా అనుకున్నదేమీ లేదు, చెయ్యి సాక్సులోకి వెళ్ళింది, ఒకటి తీసింది, ఇంకోటి తీసింది, ఎర్రగా ఉన్న ఆ ఒకటోదాని దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి, అంతే. "రెండేనా?" అంది కిటికీ ఆవిడ కళ్ళజోడు పైనుంచి. "రెండేనండీ. బాగా ఏడ్చాడు." ఏడుపుకీ గొట్టాలకీ సంబంధం ఏమిటో తనకే తెలియదు, కిటికీ ఆవిడకి మటుకు ఏదో తెలిసినట్టే ఉంది, ఏడుస్తార్లే అని కాగితం మీద రెండు వేసి కింద గట్టిగా గీత గీసింది. అలాంటి గీత గీశాక, అమ్మా ఇంకోటి ఉంది అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి. తొమ్మిదో తరగతితో బడి మానేసినదానికి అంత ధైర్యం ఎక్కడిది.

గోడ గడియారం పదీ ఇరవై ఐదు. సూది తీసింది పదీ పదికి. నర్సు చెప్పినవన్నీ వరసగా గుర్తున్నాయి, నేరుగా కిందికెళ్ళు, ఎక్కడా ఆగకు, ఐసులో పెట్టకు, ఫ్రిజ్‌లో పెట్టనివ్వకు, చల్లబడకూడదు, గంటలోపు చూడాలి, దాటితే లోపలి కణాలు చెదిరిపోతాయి. మామూలుగా వార్డు ఆయా తెచ్చి ఇస్తుందట, ఆవిడ ఆక్సిజన్ బండి తోసుకుంటూ వెళ్ళింది ఇంకా రాలేదు, అప్పుడు అత్తయ్య, "నువ్వెళ్ళు అమ్మాయ్, చదువుకున్నదానివి," అంది. ఆ ఇంట్లో తొమ్మిదో తరగతి చాలా పెద్ద చదువు. గ్యాసు పుస్తకం తనే చదవాలి, మందుసీసా మీద తారీఖు తనే చూడాలి, ఇప్పుడు వెన్ను నీళ్ళు తనే మొయ్యాలి. కణాలంటే తెలియనిదేం కాదు. తొమ్మిదో తరగతిలో కణం బొమ్మ వేసింది, పక్కపిల్ల దగ్గర రంగు పెన్సిళ్ళు అడిగి తెచ్చుకుని చుట్టూ గోడకి ఆకుపచ్చ వేసింది, మధ్యలో గుండ్రంగా ఉండేదానికి వంగపండు రంగు వేద్దామని మర్నాటికి దాచుకుంది, ఆ మర్నాటి నుంచీ అమ్మ మంచాన పడింది, చెల్లెలికి జడ వెయ్యడానికీ అన్నం వార్చడానికీ ఒక మనిషి కావాల్సి వచ్చింది, ఆ మనిషి తనే అయింది. అందుకని తన లెక్కలో ఈ లోకంలోని కణాలన్నీ ఇవ్వాళ్టికీ మధ్యలో రంగు లేకుండానే ఉన్నాయి. బాబువి కూడా. అలాంటివి చెదిరిపోతే ఏమవుతాయి, ఎక్కడికి పోతాయి, చంకలో వెచ్చగా ఉంటే కొంచెం ఎక్కువసేపు ఆగుతాయా, కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటే?

డాక్టరుగారు తేలికగానే చెప్పింది. తెల్లవారుజామున ఆ ఒళ్ళు బిగుసుకుపోవడం, కళ్ళు పైకి తేలిపోవడం, అది వట్టి జ్వరం వల్లే అయితే భయం లేదు, ఇంటికెళ్ళిపోవచ్చు, మెదడు పొరలకి చీము పట్టి అయితే మటుకు రెండు మూడు వారాలు సూదులు, అది ఏదన్నది ఆ నీళ్ళే చెబుతాయి. నీళ్ళు చెబుతాయి. ఏమేం చెబుతాయి? ఏది అడిగితే అదే చెబుతాయా, అడగనివి కూడా వాగేస్తాయా? అత్తయ్య భయం అత్తయ్యది, వెన్నులో నీళ్ళు తీసేస్తే పిల్లాడు పొట్టివాడైపోతాడేమోనని, ఆయనా పొట్టి, మామగారూ పొట్టి, ఉన్న కాస్త ఎత్తూ గొట్టాల్లో పోసేస్తే ఎలా అని డాక్టరుగారినే అడిగేసింది, ఆవిడ నవ్వి, "మళ్ళీ ఊరుతుందమ్మా, పొద్దస్తమానం ఊరుతూనే ఉంటుంది," అంది. ఆ తర్వాతే ఆ మాట అడిగింది. కలం మూత తీస్తూ, తలెత్తకుండా. "ఈమధ్య ఎక్కడైనా పడ్డాడా? తలకి దెబ్బేమైనా?" తను నోరు తెరిచింది. నిజంగా తెరిచింది. తెరిచిన నోట్లోంచి గాలి వచ్చేలోపే అత్తయ్య అందుకుంది: "పడటమా! మా ఇంట్లో పిల్లాణ్ణి నేలకి తగలనిచ్చిందెక్కడ? బోర్లా పడటమే రాదు, ఇంక కింద పడతాడా!" లేదు, అని రాసుకుంది డాక్టరుగారు. తెరిచిన నోరు ఏం చేయాలో తెలియక ఆవులించింది. కొడుకు అలా ఉంటే ఆవులిస్తోంది చూడు అనుకుని ఉంటారు ఇద్దరూ.

సోమవారం. సోమవారం పదకొండున్నర. ఇంట్లో అందరూ వాణ్ణి బస్తా అంటారు, పెట్టినచోట పెట్టినట్టే ఉంటాడని. ఏడో నెల వచ్చేసినా ఒక పక్కకి ఒత్తిగిలడం లేదు, వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూసి నవ్వుతాడు, ఫ్యాను తిరక్కపోయినా నవ్వుతాడు. ఎదురింటావిడ మనవరాలు నాలుగో నెలలోనే బోర్లా పడింది, ఆ సంగతి అత్తయ్య రోజుకి రెండుసార్లు గుర్తు చేస్తుంది, ఒకసారి తనకి, ఒకసారి వాడికి. "ఒరే బస్తా, ఆడపిల్ల తిరిగిందిరా, నీకు సిగ్గు లేదూ?" వాడు ఫ్యానుకి చెప్పి నవ్వుతాడు. అందుకనే కదా మంచం మీద ధైర్యంగా పడుకోబెట్టడం, బస్తా ఎక్కడికి పోతుంది. ఫోన్లో చెల్లెలు. కుక్కరు రబ్బరు సంగతి, సాగిపోయిన రబ్బరుని చల్లటి నీళ్ళలో వేస్తే బిగుస్తుందా లేదా అన్నది, దాని మీద ఎంత చర్చ, దేశాన్ని ఉద్ధరించేంత చర్చ, "కాదే, నువ్వు ముందు రబ్బరు తిరగేసి చూడు," అంటోంది తను, మడతపెట్టిన బట్టలు అలమరలో పెట్టడానికి ఇటు తిరిగి, తిరగేసి అన్న మాట ఇంకా నోట్లో ఉండగానే వెనకాల ఆ చప్పుడు. బస్తా దింపిన చప్పుడే. వెనక్కి తిరిగితే మంచం మీద ఎవరూ లేరు. కింద, బోర్లా, తల ఎత్తి, ఎదర రెండు చేతులూ చాపుకుని, ఇది ఏ ఊరు అన్నట్టు చూస్తున్నాడు. ఒక క్షణం, ఆ ఒక్క క్షణం, అదే కదా చెప్పుకోలేనిది, గుండె జారిపోవడానికి ముందు ఒక క్షణం తనకి సంతోషం వేసింది. తిరిగాడు! తర్వాత వాడు ఏడ్చాడు, తను ఏడ్చింది, ఫోన్లోంచి చెల్లెలు ఏమైందే ఏమైందే అంటే రబ్బరు తెగిపోయిందే అని పెట్టేసింది. నుదుటి మీద బఠాణీ గింజంత బొప్పి. టోపీ పెట్టేసింది. సాయంత్రం అత్తయ్య టోపీ చూసి ఎంత ముచ్చటపడిందో, రోజూ పెట్టమంది. బొప్పి మంగళవారానికి పోయింది. మంగళవారం రాత్రి జ్వరం వచ్చింది. టోపీ ఇంకా ఉంది.

ఏడు నెలలు ఇల్లంతా ఎదురుచూసిన పని వాడు చేస్తే, చూసింది తనొక్కతే. చూసి కూడా చూడనట్టే. పెద్ద పరీక్ష ప్యాసైన పిల్లాడి కాగితం దాచేసినట్టు దాచేసింది. వాడేమో పాపం ఎవరూ మెచ్చుకోలేదని మళ్ళీ తిరగడం మానేశాడు. లేకపోతే, లేకపోతే లోపల ఏదో అయి మానేశాడా? అదుగో, ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి చంకలో గొట్టం వేడెక్కుతుంది. పైన నర్సు మూడు గొట్టాలూ చేతిలో పెట్టినప్పుడే చూసింది కదా, మూడోది మంచినీళ్ళలా తేటగా ఉంది, రెండోది బియ్యం కడిగిన నీళ్ళలో ఎర్రరంగు పెన్సిల్ ముల్లు ముంచి తీసినట్టుంది, ఒకటోది ఎరుపే, ఇంక దాచేదేం లేదు, ఎరుపే, లోపల సన్నటి దారంలా తిరుగుతోంది. నెత్తురు. తల్లోంచి వెన్నులోకి దారి ఉంటుందట కదా, తల్లోది వెన్నులోకి దిగుతుందట కదా. అత్తయ్య చూస్తుందేమోనని జారిపోయిన సాక్సు తీసి మూడూ అందులో వేసుకుని, చల్లబడకూడదన్నారు అత్తయ్యా అని పైకి చెప్పింది. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ ఒకటో నంబరు మాట్లాడుతూనే ఉంది. సోమవారం పదకొండున్నర, మంచం మీద నుంచి, కుక్కరు రబ్బరు, టోపీ. అన్నీ చెప్పేస్తుంది ఇది. డాక్టరుగారు కాగితం తీసి, లేదు అని రాసుకున్న చోట వేలు పెట్టి, తన వంక చూస్తుంది.

"కదలకుండా కూర్చున్నావు, పక్షవాతమా ఏమిటమ్మాయ్ ఆ చెయ్యి?" అన్నాడు పక్కన పెద్దాయన. మోకాలి నీళ్ళాయన. ఇక్కడ ఎవరికీ పేర్లు లేవు, లోపలినుంచి ఎవరి నీళ్ళ పేరుతో వాళ్ళని పిలుస్తారు. ఈయన దర్జీ, నలభై ఏళ్ళు మిషను తొక్కిన మోకాలు. ఆయన పక్కన పొట్ట నీళ్ళావిడ, పళ్ళ బండి ఆవిడది, మొగుడి పొట్టలోంచి తీసినవి తెచ్చింది. చివర కొత్త పెళ్ళికొడుకు, అతను తెచ్చింది ఏమిటో ఎవరూ అడగలేదు, అడగకుండానే అందరికీ తెలుసు, పేపరు చుట్టిన డబ్బాని చొక్కా లోపల పొట్టకి ఆనించుకుని వచ్చాడు పాపం, అదీ వెచ్చగా ఉండాలట, అదీ గంటలోపే ఇవ్వాలట. వచ్చిన దగ్గర్నుంచీ అతనూ తనూ ఒకరి వంక ఒకరు చూసుకోకుండా ఒకే రకంగా ముడుచుకుని కూర్చున్నారు, గంప కింద రెండు పొదుగుడు కోళ్ళు. ఇందాక కిటికీ ఆవిడ అతన్ని పిలిచి, వీధి చివరికి వినబడేలా, "ఎన్నింటికి తీశారు? మొత్తం డబ్బాలోనే పడిందా, కొంత బయట పోయిందా?" అని అడిగితే, మొత్తమే, అన్నాడు చీమ గొంతుతో, అందరూ కలిసి ఒక్కసారి ఫ్యాను వంక చూశారు, అచ్చం బాబులాగా.

"ఏం లేదండీ, పట్టేసింది," అంది. మోకాలాయనకి కబుర్లంటే సరదా. "నాకు అరవై మిల్లీలీటర్లు తీశారు," అన్నాడు, గాలానికి పడ్డ చేప పొడవు చెబుతున్నట్టు. "అరవయ్యేనా?" అంది పొట్ట నీళ్ళావిడ, "మా ఆయనకి ఐదు లీటర్లు." మోకాలాయన తన మోకాలి వంక ఒకసారి చూసుకున్నాడు. తర్వాత, "మోకాల్లో చోటెంత, పొట్టలో చోటెంత," అన్నాడు. "నీదెంత తల్లీ?" అంది ఆవిడ తనని. "నాది కాదండీ, బాబుది. చుక్కలు." "చుక్కలే మంచివి," అందావిడ వెంటనే, ఐదు లీటర్ల మీదున్న గర్వమంతా ఎక్కడో దించేసి.

లోపల చప్పుడు మొదలైంది. టక. టక టక. టకటకటక. అద్దం తలుపు వెనకాల బల్ల దగ్గర వంగి కూర్చున్నాడు లోపలాయన, తెల్లకోటు మీద వంగపండు రంగు మరకలు, కంటికి సూక్ష్మదర్శిని, చేతిలో ఇనుప డబ్బీ. "కంటికి ఒక కణం కనబడితే బొత్తాం ఒక నొక్కు," అని చెప్పాడు మోకాలాయన, మూడోసారి వచ్చాడు కనక ఈ ఇంటి అల్లుడంత చనువు. ఎక్కువ నొక్కితే? "ఎక్కువ ఉన్నట్టు." ఎక్కువుంటే? ఆయన మోకాలు రుద్దుకున్నాడు. టకటకటకటక. అది బాబుదే. ఇందాక ఇచ్చింది తనే కదా, వాడిదే చూస్తున్నాడు. డెబ్బై. నూట పది. అన్నీ మధ్యలో రంగు లేని గుండ్రాలు, గోడలకి ఆకుపచ్చ, వరస కట్టి నడుస్తున్నాయి వాడి చిన్న వెన్నులో, రెండు వందలు, దేవుడా ఆపు, ఒక్క నిమిషం ఆ వేలికి తిమ్మిరి రానీ, రెండు వందల నలభై, రేపట్నుంచి వాడి చేతికి ఆ సూదులు, ఆ గొట్టాలు, వాడు బతికి బయటపడితే రోజూ నేల మీదే పడుకోబెడతాను, మంచం అమ్మేస్తాను, ఫోను అమ్మేస్తాను, చెల్లెలితో ఉత్తరాలే రాస్తాను, మూడు వందల ఆరు, ఏడు. ఆగింది. "పొట్ట నీళ్ళు!" అని కేక.

పొట్ట నీళ్ళావిడ లేచింది. తనకి ఒళ్ళంతా తేలికైపోయింది, బెంచీ మీదనుంచి ఎగిరిపోతానేమో అన్నంత, మాది కాదు, మాది కాదు, ఆ సంతోషం కిందికి దిగుతూ దిగుతూ ఆవిడ చెప్పుల దగ్గర ఆగింది. రెండు జతల చెప్పులు కలిసిపోయినట్టున్నాయి, ఒకటి ఆవిడది, ఒకటి మొగాళ్ళది, కంగారులో మొగుడి చెప్పు తొడుక్కొచ్చేసింది. ఆ మూడు వందల ఏడూ ఆ చెప్పు మనిషివి. సిగ్గేసింది. ఆవిడ కిటికీలోకి వంగి, "ఎక్కువేనా బాబూ?" అంటే, "డాక్టరుగారు చెప్తారమ్మా," అని మెత్తగా అన్నాడు లోపలాయన. తిరిగొచ్చి కూర్చుంది ఆవిడ. ఏం మాట్లాడాలో తెలియక తను కాస్త ఆవిడవైపు జరిగింది, చంక విడవకుండా. పది యాభై రెండు.

ఇప్పుడైనా లేచి ఇచ్చేస్తే? కిటికీ ఆవిడ గీత. ఇవ్వకపోతే? తేటగా ఉన్నవి చూస్తారు, తేటగా ఉందని రాస్తారు, ఇంటికి పంపేస్తారు. ఇంటికెళ్ళాక? లోపల నెత్తురుతో ఉన్న పిల్లాణ్ణి ఇంటికి పట్టుకెళ్ళి టోపీ పెట్టుకుని కూర్చుంటావా, నీకోసమా వాడికోసమా ఈ దాచడం, నిజం చెప్పు, అత్తయ్యకోసం. అత్తయ్య మొహం కోసం. కొడుకు తలకంటే అత్తయ్య మొహం ఎక్కువైపోయిందా నీకు. ఇస్తాను. పది యాభై ఐదుకి లేస్తాను. యాభై ఐదైంది. యాభై ఎనిమిదికి.

అద్దం తలుపు తెరుచుకుంది. లోపలాయన స్వయంగా బయటికొచ్చాడు, బొటనవేలికి డబ్బీ వేలాడుతోంది. "వెన్ను నీళ్ళు ఎవరివి? చంటిపిల్లాడు." కుడిచెయ్యి ఎత్తింది. "ఒకటో నంబరు ఏదమ్మా?"

"పైన రెండే ఇచ్చారండీ."

"రెండే ఇస్తే ఒకటీ రెండూ ఇస్తారు. రెండూ మూడూ ఎలా ఇస్తారు?"

బెంచీ అంతా ఆలోచనలో పడింది. "అదీ నిజమే," అన్నాడు మోకాలాయన. కిటికీ ఆవిడ తన గీత వంక తనే చూసుకుంది. "దార్లో పడేశావా?" అన్నాడు లోపలాయన. "పోనీ చెప్పు, వార్డుకి ఫోన్ చేస్తాను, మళ్ళీ సూది వేసి పంపిస్తారు."

మళ్ళీ సూది. వాణ్ణి మళ్ళీ రొయ్యలా వంచి, మళ్ళీ ఆ ఏడుపు. చెయ్యి దానంతటదే లేచింది. చంకలోంచి సాక్సు ఒళ్ళోకి జారిపడింది, నీలం సాక్సు, వదిలిన కుట్టులోంచి తెల్లమూత బయటికి తొంగిచూస్తూ. కొత్త పెళ్ళికొడుకు మొదటిసారి తలెత్తి సూటిగా చూశాడు, వృత్తిరీత్యా తెలిసినవాడిలా.

"ఇదేమిటి?"

"సాక్సండీ."

"లోపల?"

"ఒకటండీ," అంది, ఇంక ఆగలేదు, ఆనకట్ట తెగినట్టే, "నేనే పడేశానండీ, అంటే ఇది కాదు, వాణ్ణి, పడెయ్యలేదు, వాడే పడ్డాడు, బోర్లా పడటం రాదండీ వాడికి, వస్తే అలా పెడతానా, నేను అటు తిరిగున్నాను, కుక్కరు రబ్బరు గురించి, మా చెల్లెలు, ఆ రబ్బరేం కొంపలు ముంచిందని, సోమవారం, టోపీ పెట్టేశానండీ, డాక్టరుగారు అడిగితే ఆవులించాను, ఇందులో నెత్తురుందండీ, వాడి తల్లోదే, మీరు చూస్తే తెలిసిపోతుందని..."

అందరూ వింటున్నారు. మోకాలాయన మోకాలు మర్చిపోయాడు. లోపలాయన గొట్టం వెలుతురుకేసి పట్టుకుని చూశాడు, గడియారం చూశాడు, మళ్ళీ తనని చూశాడు. "మంచం ఎంతెత్తు?" చూపించింది, మోకాలికి జానెడు కిందికి. "ఇలా చూడమ్మా. తల్లో నెత్తురు కారితే మూడు గొట్టాల్లోనూ ఒకే ఎరుపు ఉంటుంది. లోపలికి దిగేటప్పుడు సూది దార్లో చిన్న రక్తనాళం గీసుకుంటే ఒకటోది ఎర్రగా, రెండోది లేతగా, మూడోది తేటగా వస్తాయి. పిల్లల దగ్గర మాటిమాటికీ అవుతుంది. అది తేల్చడానికే కదా వీటికి అంకెలు వేసేది. నీ తరఫు సాక్షిని నువ్వే చంకలో పెట్టుకు కూర్చున్నావు, ఇంతసేపూ."

"అంటే..."

"అంటే ఇంకా పదకొండు నిమిషాలుంది, నన్ను లెక్కపెట్టుకోనీ. ఒక్క మాట. పడ్డాడన్నది పైకెళ్ళి డాక్టరుగారికి చెప్పాలి. అది నా పని కాదు, నీ పని." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "వెచ్చగానే ఉంచావులే," అన్నాడు.

టకటకటకటక. "ఇవి ఎర్రవి, ఒకటో గొట్టం, కంగారుపడకు!" అని లోపలినుంచి కేక. వాన పడ్డట్టు పడ్డాయి. ఎర్రవాటిని బెంచీ మీద ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత గాజుపలక కడిగిన చప్పుడు, ఏదో సీసా మూత తీసిన చప్పుడు, కుర్చీ ముందుకి జరిగింది. "ఇది మూడోది, ఇందులో తెల్లవి చూడాలి, చీముంటే అవే ఎక్కువుంటాయి," అన్నాడు ఎవరికీ కాకుండా. పొట్ట నీళ్ళావిడ తన చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచేయి గరుకుగా, పళ్ళ వాసనేస్తూ. కిటికీ ఆవిడ రాయడం ఆపింది. ఫ్యాను ఎప్పుడూ ఇంత చప్పుడు చేస్తుందా?

టక.

వచ్చేసింది. ఒకటి వచ్చిందంటే వెనకాల వాన ఉంటుంది. ఊపిరి బిగపట్టింది. కొత్త పెళ్ళికొడుకూ బిగపట్టాడు. లోపలాయన తల కాస్త కుడికి జరిగింది, కాస్త ఎడమకి. ఏమీ లేదు. బయట ఎవరిదో బండి బయల్దేరి వీధి మలుపు తిరిగేదాకా ఏమీ లేదు. ఇంత నిశ్శబ్దం తను పెళ్ళయ్యాక వినలేదు, ఆ ఇంట్లో కుక్కరో అత్తయ్యో ఎప్పుడూ కూస్తూనే ఉంటాయి, ఇంత ఖాళీ, ఇంత తెల్లగా, గీతలు గీసిన కాగితం మీద ఇంకా ఎవరూ ఏ బొమ్మా వెయ్యనట్టు.

టక.

తర్వాత కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. నీళ్ళ కుళాయి. చేతులు కడుక్కుంటున్నాడు. అయిపోయింది. "ఇంకా చక్కెర చూడాలి, మిగతావి రేపూ ఎల్లుండీ," అన్నాడు తలుపులోంచి తల పెట్టి, "నేనేం చెప్పకూడదు. డాక్టరుగారు చెప్తారు." తలుపు మూసేశాడు. చెప్పకపోయినా విన్నవాళ్ళు ఐదుగురున్నారు. పొట్ట నీళ్ళావిడ రెండు వేళ్ళెత్తి తన మొహం ముందు పెట్టింది, "రెండే తల్లీ," అంది, ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, "మీ బాబువి రెండే." ఆ రెండు వేళ్ళనీ పట్టుకుని తను ఏడ్చింది, ఆవిడ మూడు వందల ఏడుకి కూడా కలిపి.

"ఇక్కడున్నావా!" అత్తయ్య. భుజాన బస్తా. వాడికి చెమట పట్టి జుట్టు నుదుటికి అంటుకుంది, జ్వరం దిగుతున్నట్టుంది, ఒక కాలికి సాక్సు ఉంది, ఒక కాలు ఊరికే ఆడుతోంది. "పాలకి ఏడుస్తుంటే నువ్వు రావు, ఈ కాలి సాక్సు కోసం వార్డంతా వెతికాను, పక్కమంచం వాళ్ళ దుప్పటి కూడా దులిపాను. ఏమన్నారు?"

"రెండన్నారు."

"ఏమిటి రెండు?"

చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. ఈసారి ఆవులింత రాలేదు. "అత్తయ్యా, సోమవారం బాబు బోర్లా పడ్డాడు."

అత్తయ్య మొహం పండగైపోయింది. "ఎప్పుడూ? ఎక్కడా? నన్ను పిలవలేదేం?"

"మంచం మీద. తర్వాత... మంచం కిందికి. తల తగిలింది. నేను చూడలేదు. నేను ఫోన్లో ఉన్నాను. మీకు భయపడి చెప్పలేదు. టోపీ అందుకే."

బెంచీ మొత్తం అత్తయ్య వంక చూస్తోంది. అత్తయ్య మొహంలో కోపం ఎక్కింది, కనుబొమల దాకా ఎక్కింది, నోరు తెరుచుకుంది, పొద్దున డాక్టరు ముందు తానే అన్న మాట అప్పుడే గుర్తొచ్చినట్టుంది, మూసుకుంది. వాడి తల తడిమి చూసింది, ముందూ వెనకా, చెవుల వెనక కూడా. గట్టిగా ఊపిరి వదిలింది. "ఎటు పక్కకి తిరిగాడు?"

"పడింది ఎడమపక్కన."

"మంచం నడిమధ్య పెట్టావా, అంచునా?"

"మధ్యలోనే అత్తయ్యా."

"మధ్యలోంచి అంచు దాకా అంటే, ఒక్కసారి కాదు, రెండుసార్లు తిరిగి ఉంటాడు," అంది లెక్క వేస్తూ, బెంచీ వాళ్ళకి కూడా వినబడేలా. "ఎదురింటావిడ మనవరాలు తిరిగిందీ తిరిగిందీ అంటే, ఏం తిరిగింది? చాప మీద తిరిగింది. చాప మీద ఎవరైనా తిరుగుతారు. వీడు మంచమే దాటేశాడు." వాణ్ణి కోడలి చేతుల్లో పెట్టి, కొంగలా మెడ సాచి మెట్ల వైపు చూసింది. "పద. డాక్టరుకి నేను చెబుతాను. నీకు సరిగ్గా చెప్పడం రాదు."

మెట్ల దగ్గర తను ఆగి, ఖాళీ సాక్సు వాడి కుడికాలికి తొడిగింది. లోపల ఇంకా వెచ్చగానే ఉంది. కుట్టు వదిలినచోట బొటనవేలు బయటికొచ్చి, ఇది ఏ ఊరు అన్నట్టు చూసింది.